ఐఎస్ఈఈ మిడిల్ లెవెల్: డేటా, ప్రాబబిలిటీ ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేయించాలి?

"మావాడికి ఆల్జీబ్రా బాగానే వచ్చండీ. గ్రాఫులు, ప్రాబబిలిటీ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట తప్పు చేస్తున్నాడు. ఏ పుస్తకం కొనాలి?"

అమెరికాలో ఆరు, ఏడు తరగతుల పిల్లలున్న మన తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. వారాంతాల్లో పిల్లలకు లెక్కలు చెబుతుంటాను కాబట్టి, సెప్టెంబర్ వచ్చిందంటే ఇదే మాట మళ్లీ మళ్లీ వింటాను. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను.

ఈ టాపిక్‌లో నేర్చుకోవాల్సిన సూత్రాలు చాలా తక్కువ. మీన్ (సరాసరి), మీడియన్ (వరుసలో పెడితే మధ్యలో ఉండేది), మోడ్ (ఎక్కువసార్లు వచ్చేది), రేంజ్ (అత్యధికానికీ అత్యల్పానికీ తేడా) అనే నాలుగు మాటలు, ప్రాబబిలిటీకి, అంటే ఏదైనా జరిగే అవకాశానికి, ఒక భిన్నం. చాలామంది పిల్లలకు ఇవి స్కూల్లోనే వచ్చేసి ఉంటాయి. మార్కులు పోయేది గ్రాఫునూ ప్రశ్ననూ సగం చదివి లెక్కలోకి దూకడం వల్ల. అందుకే కొత్త పుస్తకం కొనడం కంటే చదివే తీరు, కాగితం మీద రాసే తీరు మార్చడానికి టైమ్ కేటాయించండి. కింద చెప్పేవన్నీ దానికోసమే.

పరీక్ష గురించి క్లుప్తంగా: ఐఎస్ఈఈ అంటే అమెరికాలో ప్రైవేటు స్కూళ్ల ప్రవేశ పరీక్ష. వాటిలో 7, 8 తరగతుల్లో చేరాలనుకునే పిల్లలు రాసేది మిడిల్ లెవెల్. లెక్కలకు రెండు సెక్షన్లుంటాయి. క్వాంటిటేటివ్ రీజనింగ్‌లో 35 నిమిషాలకు 37 ప్రశ్నలు, మ్యాథమాటిక్స్ అచీవ్‌మెంట్‌లో 40 నిమిషాలకు 47 ప్రశ్నలు. డేటా, ప్రాబబిలిటీ ప్రశ్నలు రెండింటిలోనూ వస్తాయి. మామూలుగా క్యాలిక్యులేటర్ వాడనివ్వరు. ప్రతి ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు, తప్పు రాస్తే మార్కులు కోయరు. 5, 6 తరగతుల్లో చేరే పిల్లలకు లోయర్ లెవెల్ వేరే ఉంది. అందులో రెండు కాలమ్స్ పోల్చే ప్రశ్నలు ఉండవు కాబట్టి, వాళ్లు కింద చెప్పిన 6వ భాగం వదిలేయొచ్చు.

కావాల్సినవి

- పరీక్ష పెట్టే సంస్థ ఈఆర్‌బీ తన సైట్‌లో ఉచితంగా ఇచ్చే గైడ్, అందులోని ప్రాక్టీస్ టెస్ట్. ముందు ఇది ప్రింట్ తీసుకోండి. మిగతా పుస్తకాల సంగతి తర్వాత.
- గళ్ల కాగితాల నోట్‌బుక్ ఒకటి, తప్పులు రాసుకోవడానికి ఇంకో నోట్‌బుక్.
- రెండు వేర్వేరు రంగుల పాచికలు, నాలుగు నాణేలు. రెండు పాచికలూ ఒకే రంగువైతే ఒకదానికి మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఎందుకో 4వ భాగంలో తెలుస్తుంది.
- నాలుగు గవ్వలు. ఊరి నుంచి తెచ్చుకున్న అష్టాచెమ్మా గవ్వలు ఇంట్లో ఉంటే బయటికి తీయండి. లేకపోతే నాలుగు సీసా మూతలైనా సరిపోతాయి.
- టైమర్. మొదటి మూడు వారాలు దాన్ని ముట్టుకోకండి.

వారానికి నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోబెడితే చివరి గంటలో పిల్లలు చదవడం మానేసి ఊహించడం మొదలుపెడతారు. సరిగ్గా ఆ అలవాటే మనం పోగొట్టాలి.

1. ముందు తప్పు ఎక్కడ జరుగుతోందో పట్టుకోండి

ప్రాక్టీస్ టెస్ట్‌లోని డేటా, ప్రాబబిలిటీ ప్రశ్నలను టైమ్ లేకుండా చేయించండి. తప్పయిన ప్రతి ప్రశ్ననూ, జవాబు చెప్పకుండా, మళ్లీ ఒకసారి పైకి చదవమనండి. చదువుతూ చదువుతూ "ఓ, నాట్ బ్లూ అన్నాడా!" అని తనంతట తానే దిద్దుకుంటే అది చదవడంలో తప్పు. పద్ధతి సరిగ్గా చెప్పి కూడికలోనో భాగహారంలోనో జారితే లెక్కలో తప్పు. ఏం చేయాలో తోచక ఆగిపోతే పద్ధతి రాదన్నమాట. తప్పుల నోట్‌బుక్‌లో ప్రతి తప్పు పక్కనా "చదవడం", "లెక్క", "పద్ధతి" అని ఈ మూడింట్లో ఒకటి రాయించండి.

ఇక్కడ తల్లిదండ్రులు చేసే పొరపాటు ఒకటుంది. తప్పు కనపడగానే మొత్తం పాఠం మళ్లీ చెప్పేస్తారు. చదవడంలో తప్పు చేసిన పిల్లకు పాఠం చెబితే తన తప్పు ఏంటో తెలియకుండానే పోతుంది, పైగా విసుగు.

ప్రశ్నలు ఇంగ్లిష్‌లోనే చదివించండి. మీరు తెలుగులో వివరించండి, తప్పులేదు. కానీ ప్రశ్నను మీరు విడమరిచి చెప్పేస్తే, పరీక్షలో ఎదురయ్యే కష్టం ఇంట్లో ఎదురుకాదు. 'అట్ లీస్ట్ 3' అంటే 3 కూడా వస్తుంది, 'మోర్ దేన్ 3' అంటే రాదు. ఇలాంటి మాటల కింద పెన్సిల్‌తో గీత గీయడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి.

2. గ్రాఫ్ చదవడం: ప్రశ్న చూడకముందే

ప్రశ్నను చేత్తో మూసి, గ్రాఫ్ మాత్రమే చూపించండి. పిల్ల ఐదు విషయాలు పైకి చెప్పాలి: టైటిల్ ఏంటి, ఏ గీత మీద ఏముంది, యూనిట్ ఏంటి, స్కేల్ ఎక్కడ మొదలై ఎంతెంత పెరుగుతోంది, పక్కన కీ (గుర్తుల అర్థం చెప్పేది) ఉందా. తర్వాతే చెయ్యి తీయండి. మొదట్లో ఇందుకు నిమిషం పడుతుంది. రోజూ చేస్తుంటే కొన్ని సెకన్లలో అయిపోతుంది.

ఎక్కువగా దెబ్బతినేవి ఇవీ:

*స్కేల్ సున్నా నుంచి మొదలు కాకపోవడం.* గీత 40 దగ్గర మొదలైతే 60 చూపే బార్, 50 చూపే బార్‌కు రెట్టింపు ఎత్తు కనిపిస్తుంది. 60 అనేది 50కి రెట్టింపు కాదు కదా. ఎత్తు చూసి జవాబు చెప్పొద్దు, అంకె చదివి చెప్పాలి.

*బొమ్మల గ్రాఫ్‌లో కీ మర్చిపోవడం.* ఒక పుస్తకం బొమ్మ 8 పుస్తకాలకు గుర్తు అయితే, మూడున్నర బొమ్మలు 28 పుస్తకాలు. పిల్లలు 3.5 అనో, సగం బొమ్మను ఒకటిగా లెక్కపెట్టి 25 అనో రాస్తారు.

*సర్కిల్ గ్రాఫ్‌లో శాతాన్ని సంఖ్య అనుకోవడం.* ఒక స్కూల్లో 240 మందిలో 30 శాతం సాకర్ ఆడతారు, ఇంకో స్కూల్లో 320 మందిలో 25 శాతం. ముక్క పెద్దది మొదటి స్కూల్లో. ఆడేవాళ్లు మాత్రం అక్కడ 72 మంది, రెండో స్కూల్లో 80 మంది.

*హిస్టోగ్రామ్‌లో (గుంపులవారీ బార్ గ్రాఫ్‌లో) లేని సమాచారం ఉందనుకోవడం.* 20 మంది మార్కులు ఇలా ఉన్నాయనుకోండి: 60–69 మధ్య 3, 70–79 మధ్య 6, 80–89 మధ్య 7, 90–99 మధ్య 4. రేంజ్ ఎంత? చాలామంది 39 అంటారు. మార్కులు పూర్ణసంఖ్యలైతే 39 దాకా ఉండొచ్చు, 21 కూడా కావచ్చు. అత్యల్పం 69, అత్యధికం 90 అయితే అంతే కదా. కచ్చితంగా ఇంత అని చెప్పలేం. మీడియన్ మాత్రం ఏ గుంపులో ఉందో చెప్పగలం. 20 మందిలో మధ్యలో ఉండే 10వ, 11వ మార్కులు రెండూ 80–89లో పడతాయి.

వారానికోసారి గ్రాఫ్‌ను పిల్లతోనే గీయించండి. వారం రోజుల్లో రోజుకు ఎన్ని నిమిషాలు చదివిందో, ఎన్ని పేజీలు చదివిందో, ఏదైనా సరే. గీసిన తర్వాత దాని మీద నాలుగు ప్రశ్నలు తనే రాయాలి. అందులో ఒకటి ఆ గ్రాఫ్ చూసి జవాబు చెప్పలేని ప్రశ్న అయి ఉండాలి. ఈ నాలుగో ప్రశ్న రాయడానికే పిల్లలు ఎక్కువసేపు ఆలోచిస్తారు. గ్రాఫ్ ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిసేది అక్కడే.

3. మీన్, మీడియన్, మోడ్, రేంజ్

సరాసరి అనే మాట కనిపించగానే మొత్తం ఎంతో రాయాలి. ఈ ఒక్క అలవాటుతో సగం ప్రశ్నలు తేలిపోతాయి. నాలుగు టెస్టుల సరాసరి 85. ఐదో టెస్ట్ తర్వాత సరాసరి 87 కావాలంటే ఎంత రావాలి? ఐదింటికి కావాల్సిన మొత్తం 435, ఇప్పటికి ఉన్నది 340, కాబట్టి 95. మొత్తాలు రాయని పిల్ల 89 అనో 87 అనో గుర్తు పెడుతుంది.

సరాసరుల సరాసరి తీయడం ఇంకో తప్పు. 10 మంది అమ్మాయిల సరాసరి 90, 20 మంది అబ్బాయిల సరాసరి 84. క్లాసు సరాసరి 87 కాదు. 900, 1680 కలిపితే 2580, దాన్ని 30తో భాగిస్తే 86.

ఇక నేను ఎక్కువ టైమ్ పెట్టించేది ఫ్రీక్వెన్సీ టేబుల్ (ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే పట్టిక) మీద. మంచి పిల్లలు కూడా ఇక్కడే తడబడతారు. ఒక క్లాసులో 20 మందికి ఎంతమంది తోబుట్టువులున్నారో చూద్దాం:

- తోబుట్టువులు లేనివాళ్లు: 4 గురు
- ఒకరున్నవాళ్లు: 9 మంది
- ఇద్దరున్నవాళ్లు: 5 గురు
- ముగ్గురున్నవాళ్లు: 2 గురు

మీడియన్ అడిగితే 0, 1, 2, 3 మధ్య చూసి 1.5 అంటారు. మోడ్ అడిగితే 9 అంటారు. రేంజ్ అడిగితే 9 లోంచి 2 తీసేసి 7 అంటారు. మీన్ అడిగితే 4, 9, 5, 2 కలిపి నాలుగుతో భాగించి 5 అంటారు. ఒక్కరికి కూడా ముగ్గురి కంటే ఎక్కువ తోబుట్టువులు లేని క్లాసులో సరాసరి 5 ఎలా వస్తుంది?

దీనికి మందు, టేబుల్‌ను విప్పి రాయించడం. 0, 0, 0, 0, 1, 1, 1... అని 20 అంకెలూ వరుసగా. మొదటి నాలుగైదు టేబుల్స్‌కు ఇది తప్పనిసరి చేయండి, బద్ధకించినా వదలొద్దు. విప్పి రాస్తే 10వ, 11వ అంకెలు రెండూ 1 అని కళ్లకు కనిపిస్తుంది, మీడియన్ 1. మోడ్ 1. రేంజ్ 3. మొత్తం తోబుట్టువులు 0 + 9 + 10 + 6 = 25, 20తో భాగిస్తే మీన్ 1.25. అలా కొన్ని చేశాక, విప్పకుండానే "4, తర్వాత 13, కాబట్టి పదోది ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తారు. అప్పుడు విప్పడం మాన్పించండి.

మీడియన్‌కు ముందు వరుసలో పెట్టడం మర్చిపోయే పిల్లలుంటే, వరుస రాయని జవాబు ఒప్పైనా సరే మార్కు ఇవ్వకండి. 12, 7, 15, 7, 9లో మధ్యలో కనిపించేది 15. వరుసలో పెడితే 7, 7, 9, 12, 15, మీడియన్ 9, మీన్ 10.

ఇవే అంకెలతో రెండు చిన్న ప్రయోగాలు చేయించండి. 15ను 40గా మార్చండి: మీన్ 15 అవుతుంది, రేంజ్ 8 నుంచి 33కు పోతుంది, మీడియన్ 9 దగ్గరే ఉంటుంది. తర్వాత అన్నిటికీ 5 కలపండి: మీన్, మీడియన్ రెండూ 5 పెరుగుతాయి, రేంజ్ కదలదు. ఏది మారుతుంది, ఏది మారదు అనే ప్రశ్నలకు లెక్క చేయకుండానే జవాబు చెప్పడం దీంతో వస్తుంది.

సరిచూసుకోవడం ఎలా: మీన్ ఎప్పుడూ అత్యల్పానికి, అత్యధికానికి మధ్యలోనే ఉండాలి. ఇంకా గట్టిగా చూడాలంటే ప్రతి అంకె మీన్‌కు ఎంత దూరమో రాసి కలపాలి. పై ఉదాహరణలో +2, −3, +5, −3, −1. మొత్తం సున్నా వస్తే మీన్ సరైనదే.

4. ప్రాబబిలిటీ: సూత్రం కాదు, జాబితా

ఇంటర్లో పర్మ్యుటేషన్లు, కాంబినేషన్లు బట్టీపట్టి ఎంసెట్ రాసిన అమ్మానాన్నలకు ఒక విన్నపం. కాంబినేషన్లకు వాడే ఎన్‌సీఆర్ (nCr) సూత్రం ఇప్పుడే నేర్పకండి. ఈ పరీక్షలో వచ్చే సంఖ్యలు చిన్నవి, రాసి లెక్కపెట్టగలిగినవి. సూత్రం తెలిసిన పిల్ల ఎప్పుడు వాడాలో తెలియక తప్పు చేస్తుంది. జాబితా రాసే పిల్లకు ఆ ఇబ్బంది లేదు.

*కింది అంకె ముందు.* సంచిలో 5 ఎర్రవి, 3 నీలివి, 4 ఆకుపచ్చవి గోళీలున్నాయి. ప్రశ్న ఏదైనా ముందు 12 రాయాలి. నీలిది కాకుండా రావడం 9/12, అంటే 3/4. ఎర్రది రావడానికి 5/7 అని రాసే పిల్లలు చాలామంది ఉంటారు. ఎర్రవాటిని మిగతావాటితో పోల్చేశారన్నమాట. మొత్తం ముందు రాస్తే ఈ తప్పు జరగదు.

*రెండు పాచికలకు గళ్ల పట్టిక.* పక్కకు 1 నుంచి 6, కిందికి 1 నుంచి 6, మొత్తం 36 గళ్లు. ప్రతి గడిలో కూడిక రాయించండి. 7 ఆరు గళ్లలో కనిపిస్తుంది, కాబట్టి 1/6. 8 ఐదు గళ్లలో, కాబట్టి 5/36. పట్టిక లేకుండా చేస్తే 3–5, 5–3 రెండూ ఒకటే అనుకుని ఒక్కసారే లెక్కపెడతారు. రంగు పాచికలు ఇందుకే. ఎర్రది 3, తెల్లది 5 పడటం, ఎర్రది 5, తెల్లది 3 పడటం రెండూ వేరు అని చేతిలో పట్టుకుని చూస్తే ఒప్పుకుంటారు.

*తిరిగి వేశారా లేదా?* రెండు గోళీలు తీసే ప్రశ్నలో ఈ మాట ఎక్కడుందో వెతికి గీత గీసిన తర్వాతే పెన్సిల్ కదలాలి. పై సంచిలో రెండూ ఎర్రవి రావాలి. మొదటిది తిరిగి వేస్తే 5/12 × 5/12 = 25/144. వేయకపోతే 5/12 × 4/11 = 5/33. రెండో భిన్నంలో పై అంకె తగ్గించి కింది అంకె తగ్గించడం మర్చిపోతుంటారు, చూసుకోండి. "తిరిగి వేయకపోతే ఎప్పుడూ తక్కువ" అని మాత్రం బట్టీపట్టనీయకండి. ముందు ఎర్రది, తర్వాత నీలిది కావాలంటే వేస్తే 15/144, వేయకపోతే 15/132. ఈసారి వేయకపోతేనే ఎక్కువ.

*ఏ వరుసలోనైనా అంటే రెండు దారులు.* "ఒకటి ఎర్రది, ఒకటి నీలిది" అని మాత్రమే ఉంటే ఎర్ర–నీలి, నీలి–ఎర్ర రెండూ కలపాలి. తిరిగి వేయకపోతే 30/132, అంటే 5/22.

*అట్ లీస్ట్ వన్ అంటే ఒకటి లోంచి తీసేయడం.* మూడు నాణేలు వేస్తే కనీసం ఒక్క బొమ్మ పడటం: ఒక్కటీ పడకపోవడం 1/8, కాబట్టి 7/8. మొదటిసారి ఎనిమిదీ రాయించండి, తర్వాత ఈ అడ్డదారి చూపించండి.

*వెనక నుంచి అడిగేవి.* ఎర్రది వచ్చే ప్రాబబిలిటీ 2/5, ఎర్ర గోళీలు 12. మొత్తం 30. ఇది చాలామంది చేస్తారు. దీని తర్వాతి ప్రశ్నలో పడిపోతారు: ప్రాబబిలిటీ 1/2 కావాలంటే ఇంకా ఎన్ని ఎర్రవి కలపాలి? 30లో సగం 15, కాబట్టి 3 అంటారు. ఎర్రవి కలిపితే మొత్తం కూడా పెరుగుతుందని గుర్తుండదు. ఎర్రవి కానివి 18 ఉన్నాయి, ఎర్రవీ 18 కావాలి, కాబట్టి 6. సరిచూసుకోవడం తేలిక: 18/36. జవాబును మళ్లీ సంచిలో పెట్టి చూడటం ఇలాంటి ప్రతి ప్రశ్నకూ చేయించండి.

5. గవ్వలతో ఒక సాయంత్రం

చేసి చూస్తే వచ్చిన ప్రాబబిలిటీ వేరు, లెక్క ప్రకారం రావాల్సిన ప్రాబబిలిటీ వేరు. పరీక్షలో దీని మీద నేరుగా అడగొచ్చు. ఉదాహరణకు నాలుగు సమాన భాగాలున్న స్పిన్నర్‌ను 60 సార్లు తిప్పితే 21 సార్లు పసుపు వచ్చింది. జరిగింది 21/60, అంటే 7/20. రావాల్సింది 1/4, అంటే 5/20. తేడా 1/10. ఏది అడిగారో చూడకుండా 1/4 గుర్తు పెట్టి వచ్చేస్తారు.

పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా అంటని ఈ తేడా గవ్వలతో ఒక్కరోజులో అంటుతుంది. ముందు నాలుగు నాణేలు వేస్తే ఎన్ని రకాలుగా పడతాయో రాయించండి. 16. నాలుగూ బొమ్మలే పడటం 1/16, రెండు బొమ్మలు పడటం 6/16. ఇప్పుడు నాణేలు పక్కన పెట్టి నాలుగు గవ్వలు ఇవ్వండి. అష్టాచెమ్మాలో నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, 8. రెండూ 1/16 చొప్పునే పడతాయా? పిల్ల ముందు ఊహ రాయాలి, తర్వాత 50 సార్లు వేసి, ప్రతిసారీ ఎన్ని వెల్లకిలా పడ్డాయో గీతలు పెట్టాలి.

గవ్వకు రెండు వైపులూ ఒకేలా ఉండవు, అందుకే సగం సగం పడాలన్న నియమం లేదు. మొత్తం 200 గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెడితే, మీ ఇంటి గవ్వల సంగతి తెలుస్తుంది. సమాన అవకాశాలు అని ప్రశ్నలో ఉంటేనో, నాణెం, పాచిక లాంటి వస్తువైతేనో తప్ప అన్నిటికీ సమాన అవకాశం అనుకోకూడదని పిల్లకు అర్థమవుతుంది. అదే డేటాతో బార్ గ్రాఫ్, మీడియన్, మీన్ కూడా చేయించేయండి. ఫ్రీక్వెన్సీ టేబుల్ ప్రాక్టీస్ కూడా అయిపోతుంది.

నాణేలు మళ్లీ తీసినప్పుడు ఒక ప్రశ్న అడగండి: వరుసగా ఐదుసార్లు బొమ్మ పడింది, ఆరోసారి? 1/2. "ఇక బొరుసు పడాల్సిందే" అనే ఆప్షన్‌కు ఎవరూ పడిపోకూడదు.

6. రెండు కాలమ్స్ పోల్చే ప్రశ్నలు

ఏ, బీ అనే రెండు కాలమ్స్‌లో రెండు విలువలు ఇస్తారు. ఏ కాలమ్ ఎక్కువైతే జవాబు ఏ, బీ ఎక్కువైతే బీ, సమానమైతే సీ, చెప్పలేకపోతే డీ. క్వాంటిటేటివ్ రీజనింగ్‌లో మాత్రమే వస్తాయి. మన పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది డీ దగ్గర. కష్టంగా అనిపించగానే డీ పెట్టేస్తారు, లేదా డీ ఉందన్న సంగతే మర్చిపోతారు.

రెండు నియమాలు చాలు. తెలియని సంఖ్య ఏదీ లేకుండా రెండు వైపులా లెక్క కట్టగలిగితే డీ ఎప్పటికీ జవాబు కాదు. తెలియనిది ఏదైనా ఉంటే రెండు వేర్వేరు ఉదాహరణలు పెట్టి చూడాలి, జవాబు మారితే డీ. "ఎర్రది వచ్చే ప్రాబబిలిటీ 1/3. ఏ: ఎర్ర గోళీల సంఖ్య. బీ: 5." సంచిలో మూడే గోళీలుంటే ఎర్రది ఒకటి, 30 ఉంటే 10. డీ. 2వ భాగంలోని హిస్టోగ్రామ్‌తో ఇంకోటి అడగండి: ఏ: మీడియన్, బీ: 79. జవాబు ఏ. బీలో 80 పెడితే? 10వ, 11వ మార్కులు రెండూ సరిగ్గా 80 కావచ్చు, కాకపోవచ్చు. డీ.

7. టైమర్ ఎప్పుడు పెట్టాలి

చదవడంలో తప్పులు తగ్గిన తర్వాత. రీజనింగ్‌లో ప్రశ్నకు 57 సెకన్లు, అచీవ్‌మెంట్‌లో 51 సెకన్లు పడతాయి. 8 ప్రశ్నలు 7 నిమిషాల్లో చేయించండి. డేటా ప్రశ్నలే కాకుండా ఆల్జీబ్రా, జామెట్రీ కూడా కలపాలి. అన్నీ ఒకే టాపిక్ అయితే ఏ పద్ధతి వాడాలో ఆలోచించే పని ఉండదు, మార్కులు లేనిపోని ధైర్యమిస్తాయి.

పట్టిక గీయడానికి టైమ్ పడుతుందని టెన్షన్ పడే పిల్లలుంటారు. ఆ ప్రశ్నకు గుర్తు పెట్టి ముందుకెళ్లి, చివర్లో వెనక్కి రమ్మనండి. ఆఖరి నిమిషంలో ఖాళీగా ఉన్నవన్నీ ఏదో ఒకటి నింపేయాలి. అయితే ఈ సలహా ఐఎస్ఈఈకే. కొన్ని స్కూళ్లు ఎస్ఎస్ఏటీ అనే ఇంకో ప్రవేశ పరీక్ష కూడా తీసుకుంటాయి. ఎస్ఎస్ఏటీ మిడిల్ లెవెల్‌లో ఐదు ఆప్షన్లు, తప్పుకు పావు మార్కు పోతుంది. అక్కడ ఏ ఆప్షన్‌నూ కొట్టేయలేకపోతే వదిలేయడమే మేలు. మీ పిల్ల రాసేది ఏదో ముందే తేల్చుకోండి.

8. వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రతి జవాబు దగ్గరా ఐదు సెకన్ల తనిఖీ: ప్రాబబిలిటీ 0కి, 1కి మధ్య ఉందా? అన్ని రంగుల ప్రాబబిలిటీలు కలిపితే 1 వస్తుందా? సర్కిల్ గ్రాఫ్ శాతాలు కలిపితే 100 వస్తాయా? అడిగింది భిన్నమా, సంఖ్యా?

నాకు బాగా నచ్చిన పరీక్ష ఇంకోటుంది. ఒప్పు జవాబు వచ్చాక, మిగతా మూడు తప్పు ఆప్షన్లు ఎక్కడి నుంచి వచ్చాయో పిల్లను చెప్పమనండి. తోబుట్టువుల టేబుల్‌లో మీడియన్‌కు ఆప్షన్లు 1, 1.5, 5, 7 అయితే, "1.5 వరుస చూడనివాడికి, 5 ఫ్రీక్వెన్సీలను సరాసరి తీసినవాడికి, 7 ఫ్రీక్వెన్సీల తేడా తీసినవాడికి" అని చెప్పగలిగితే ఆ టాపిక్ వచ్చేసినట్టే. ప్రశ్న తయారుచేసేవాళ్లు పిల్లలు చేసే తప్పులనే ఆప్షన్లుగా పెడతారు. కాబట్టి తన జవాబు ఆప్షన్లలో ఉన్నంత మాత్రాన ఒప్పని నమ్మకూడదు.

తప్పుల నోట్‌బుక్‌లోని ప్రశ్నలను వారం తర్వాత అంకెలు మార్చి మళ్లీ ఇవ్వండి. అదే ప్రశ్న ఇస్తే జవాబు గుర్తుండి రాసేస్తారు. కలిపి ఇచ్చిన 10 ప్రశ్నల్లో 9 ఒప్పు, అదీ రెండు వేర్వేరు వారాల్లో వస్తే, ఈ టాపిక్ వదిలి వేరేదానికి వెళ్లొచ్చు.

అసలు పరీక్ష రాశాక వచ్చే రిపోర్ట్‌లో 1 నుంచి 9 వరకు ఉండే స్టానైన్ అనే స్కోరు మీదే అందరి కళ్లూ పడతాయి. దాని కింద చూడండి. అచీవ్‌మెంట్ సెక్షన్‌లో టాపిక్‌లవారీగా వివరాలుంటాయి. డేటా, ప్రాబబిలిటీ ఎదురుగా ఒప్పుకు ప్లస్, తప్పుకు మైనస్, వదిలేస్తే ఎస్, అక్కడిదాకా చేరలేకపోతే ఎన్. మైనస్‌లు ఎక్కువైతే 2, 3, 4 భాగాలకు తిరిగి వెళ్లండి. ఎన్‌లు ఎక్కువైతే పాఠం కాదు, 7వ భాగం కావాలి. ఒక టాపిక్‌లో ప్రశ్నలు కొన్నే ఉంటాయి కాబట్టి ఒక్క మైనస్ చూసి కంగారు పడొద్దు. ఐఎస్ఈఈ ఆగస్టు–నవంబర్, డిసెంబర్–మార్చి, ఏప్రిల్–జులై సీజన్లలో ఒక్కోసారి రాయనిస్తారు. జనవరి చుట్టుపక్కల దరఖాస్తు గడువున్న స్కూళ్లయితే నవంబర్‌లోపు ఒకసారి రాయించండి. రిపోర్ట్ చూసుకుని, అవసరమైతే డిసెంబర్‌లో రెండోసారి రాయడానికి వీలుంటుంది.